దాహం మీటరు

పదకొండు గంటల ఐదు నిమిషాలకు పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది జల్లెడ. ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో నోటుబుక్కు. రెండు గంటలకు బాబాయిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్యాయత్నం కేసు. ఒకసారి జైలు గుమ్మం తొక్కాడంటే అరవై రెండేళ్ళ మనిషి మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పగల మొనగాడు ఎవడూ లేడు.

జల్లెడ ఆమె అసలు పేరు కాదు. పదహారో ఏట నుంచి పద్దెనిమిదో ఏట దాకా నేల పరిశోధన కేంద్రం ఆవరణలో మట్టి జల్లించే పని చేసింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం మట్టి. ఆ పేరు పెట్టింది బాబాయే. తర్వాత ఆమె డిటెక్టివ్ అయింది గానీ పేరు వదల్లేదు, పనీ పెద్దగా మారలేదు. అప్పుడు మట్టి జల్లించేది, ఇప్పుడు మనుషుల మాటలు జల్లిస్తోంది.

బాబాయికీ ఆమెకూ రక్తసంబంధం ఏమీ లేదు. ఆయన ఆ కేంద్రంలో గుంతలు తవ్వే మనిషి. వాన నీరు నేలలోకి ఎలా దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో చదవాలంటే ముందు ఎవరో ఒకరు గుంత తవ్వాలి. ముప్పై ఏళ్ళుగా ఆ ఎవరో ఒకరు ఆయనే. ఒక మధ్యాహ్నం ఆకలికి కళ్ళు తిరిగి మట్టికుప్ప మీద కూలబడిన పిల్లను చూసి, ఏమీ అడక్కుండా తన క్యారేజీలో సగం ఆమె ముందుకు తోశాడు. మర్నాడూ తోశాడు. అలా రెండేళ్ళు తోస్తూనే ఉన్నాడు. ఒకసారి "థాంక్స్ బాబాయ్" అంటే కసురుకున్నాడు కూడా. "ఆ మాట బయటివాళ్ళకి చెప్పుకో. ఇంట్లో చెప్తే పరాయివాళ్ళమైపోతాం" అన్నాడు. ఇరవై మూడేళ్ళుగా ఆ మాట ఆమె గొంతులోనే ఉండిపోయింది. ఈ రోజు పొద్దున ఆయన్ని అరెస్టు చేశారని తెలియగానే అది గొంతులో మరీ గట్టిగా అడ్డం పడింది.

లాకప్‌లో బాబాయి గోడకు జేరగిలబడి కూర్చున్నాడు. ఆమెను చూడగానే అడిగిన మొదటి మాట తన గురించి కాదు.

"అమ్మ లేచిందా?"

అమ్మ అంటే ప్రొఫెసరమ్మ. కేంద్రానికి పెద్ద.

"ఇంకా లేదు బాబాయ్. వేళ్ళు కదుపుతోందట. ఇవాళో రేపో కళ్ళు తెరుస్తుందన్నాడు డాక్టరు."

"హమ్మయ్య." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "దాహం మీటర్లలో నీళ్ళు పోశారా? మూడు రోజులకోసారి పోయకపోతే లోపల గాలి చేరి పనికిరాకుండా పోతాయి. ఆ కానిస్టేబుళ్ళకి ఏం తెలుసు?"

"నువ్వు లోపలున్నావు బాబాయ్. మీటర్ల సంగతి తర్వాత. ముందు తిను."

ఊచల సందులోంచి క్యారేజీ గిన్నె అందించింది. ఆయన చేత్తోనే మధ్యకు గీత గీసి, సగం మూతలో పెట్టి తిరిగి ఆమె వైపు తోశాడు. ఆలోచించి చేసిన పని కాదు, చెయ్యి దానంతటదే చేసేసింది. జల్లెడ తల దించుకుని రెండు ముద్దలు తింది.

"ఇన్‌స్పెక్టర్‌తో 'నా వల్లే జరిగింది' అన్నావా?"

"అన్నాను."

"ఎందుకన్నావు?"

"నా వల్లే కదా! నేలమాళిగలోకి దిగే మెట్లలో మూడో మెట్టు కదులుతోంది. రేపు సిమెంటు పెడతా, ఎల్లుండి పెడతా అంటూ వారం గడిపేశాను. అమ్మ జారిపడింది."

"అమ్మ జారిపడలేదు బాబాయ్. వెనక నుంచి సుత్తితో కొట్టారు. నీ సుత్తితో."

ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. "అదా! నిన్నంతా సుత్తి ఏది, సుత్తి ఏది అని అరుస్తుంటే, సామాను పోయిందని అడుగుతున్నారనుకున్నా. జాగ్రత్తగా పెట్టుకోకపోవడం నాదే తప్పు బాబూ అన్నాను."

జల్లెడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బంగారం లాంటి మనిషి ఒక్కో మాటా అంటూ తన చేతికి తనే బేడీలు బిగించుకున్నాడు.

కేసు ఆమె నోటుబుక్కులో ఒక్క పేజీకి సరిపోయింది. సోమవారం సాయంత్రం ప్రొఫెసరమ్మ నేలమాళిగలో ఉంది. మంగళవారం పొద్దున ఆరున్నరకు ఊడ్చే ఆమె వచ్చి చూస్తే మెట్ల కింద తల పగిలి పడి ఉంది. అందరూ జారిపడిందనుకున్నారు. బాబాయే ఆమెను బండిలోకి ఎత్తి ఆసుపత్రిలో చేర్చాడు. పదింటికి కూతురికి నొప్పులు మొదలయ్యాయని ఫోనొస్తే, పదిన్నర బస్సెక్కి అయిదు గంటల ప్రయాణం దూరం వెళ్ళిపోయాడు. అదే రోజు మధ్యాహ్నం రెండూ పది నుంచి నాలుగూ యాభై దాకా కుండపోతగా వాన. గురువారం పొద్దున డాక్టరు ఇది పడిన దెబ్బ కాదు, కొట్టిన దెబ్బ అన్నాడు. మధ్యాహ్నానికల్లా పోలీసులు ఆవరణకు తాళం వేసి కాపలా పెట్టారు. శుక్రవారం పొద్దున బాబాయి తిరిగొచ్చాడు. ఆ మధ్యాహ్నం ఇనప ఊచలతో నేలంతా పొడుస్తుంటే గడ్డి మడిలో అడుగు లోతున ఒక రేకు పెట్టె దొరికింది. అందులో రక్తం అంటిన సుత్తి, ప్రొఫెసరమ్మ చేతిసంచి ఉన్నాయి. ఆమె ప్రయోగాల పుస్తకం మాత్రం లేదు.

అంటే లెక్క చాలా సూటిగా ఉంది. పెట్టెను వానకు ముందు పాతిపెడితే బాబాయి చిక్కుకున్నట్టే. వాన తర్వాత పాతిపెట్టి ఉంటే, ఆ పని ఆయన చేసుండే వీలే లేదు.

"సోమవారం గంటగంటకీ ఏం జరిగిందో చెప్పు."

"గంటలేం చెప్తాం... అమ్మ, నేను శనివారం గడ్డి మడిలో నీలం నీళ్ళు పోశాం. నీళ్ళు ఏ దారిన దిగుతున్నాయో కనబడాలని రంగు కలుపుతారు. నేలమాళిగలో గాజు గోడ ఉంది కదా, నేల కడుపు కనబడేది? సోమవారం అయిదింటికి అమ్మ కిందనుంచి ఒకటే కేక. వెళ్ళి చూస్తే ఆరడుగుల లోతున గాజు మీద నీలం! ఎప్పుడో చచ్చిన చెట్టు వేళ్ళ బొక్కలు పట్టుకుని రెండే రోజుల్లో సర్రున దిగిపోయింది. ఫ్యాక్టరీ మురుగు గుంత రిపోర్టులో ఆ లోతుకి మురుగు దిగడానికి నాలుగేళ్ళు పడుతుందని రాశారట. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది, వెంటనే మొహం మాడ్చేసుకుంది. ఊరి బావులన్నీ ఆ గుంతకి దిగువనే కదా."

"తర్వాత?"

"ఫోను చేసింది. 'నువ్వే వచ్చి నీ కళ్ళతో చూసుకో' అంది. నేను ఆరింటికి వెళ్తానంటే, తాళం నేను వేస్తాలెండి అంది."

"ఎవరికి చేసింది ఫోను?"

"నాకేం తెలుసు? వినకూడదని పక్కకెళ్ళా."

"'నువ్వు' అనే అందా? సరిగ్గా గుర్తుందా?"

"గుర్తుంది. ఏం?"

జల్లెడ ఆ మాట నోటుబుక్కులో రాసి కింద రెండు గీతలు గీసింది. పదహారేళ్ళ మట్టి పిల్లను జీవితంలో మొదటిసారి 'మీరు' అని పిలిచిన మనిషి ప్రొఫెసరమ్మ. ఊడ్చే ఆమెనూ మీరే అంటుంది, బాబాయినీ మీరే అంటుంది. పిల్లలు లేని ఆ మనిషి నోట్లోంచి 'నువ్వు' వచ్చేది ఒక్కళ్ళకే. తన దగ్గర చదువుకున్న శిష్యులకు.

"వెళ్ళొస్తా బాబాయ్. రెండింటిలోపు నిన్ను బయటికి తెస్తాను."

"నా సంగతి సరే. మీటర్లు..."

"పోస్తాను బాబాయ్, నీళ్ళు పోస్తాను!"

పదకొండూ నలభైకి ఆమె గడ్డి మడిలో బోర్లా పడుకుని గుంతలోకి తల దూర్చింది. కాపలా కానిస్టేబుల్ ఆమెను పైనుంచి కిందికి చూసి, ఇలాంటివాళ్ళతో మనకెందుకులే అన్నట్టు నీడలోకి జరిగాడు. పెట్టె తీసేసిన గుంత మూరెడు పొడవు, జానెడు వెడల్పు ఉంది. దాని మీద పోలీసులు కప్పిన టార్పాలిన్‌ను ముందే పక్కకు లాగేసింది.

మొదట గోడలు చూసింది. నాలుగు గోడలూ నున్నగా, పార రాసుకున్నచోటల్లా అద్దంలా మెరుస్తున్నాయి. పొడి నేలలో పార దిగితే మట్టి గరగరా పెళ్ళలుగా రాలుతుంది, గోడ గరుకుగా ఉంటుంది. తడి నేలలో దిగితేనే మట్టి ఇలా పూత పూసినట్టు అణిగిపోతుంది. ఈ పూతంటే బాబాయికి ఒళ్ళు మంట. నేలకున్న సన్న రంధ్రాలన్నీ దాంతో మూసుకుపోతాయి, ఆ తర్వాత నీరు దిగే దారి కొలవడం వట్టి మాట. వానపడ్డాక మూడు రోజులు పార ముట్టుకోనివ్వడు. ఒకసారి పైనుంచి వచ్చిన పెద్ద అధికారి వానలో గుంత తవ్వమంటే, పార ఆయన చేతికే ఇచ్చి ఇంటికెళ్ళిపోయాడు.

తర్వాత గుంత అడుగు చూసింది. పైకి ఎండి తెల్లబారి ఉంది. క్యారేజీ చెంచాతో రెండు వేళ్ళ లోతు గోకి, ఆ మట్టిని పిడికిట్లో పట్టి నొక్కింది. చక్కగా ముద్ద కట్టింది. అరచేతికి చల్లగా తగిలి మరక కూడా అంటింది. గుంతకు మూరెడు దూరంలో గడ్డి కింద అదే లోతున మట్టి తీసి నొక్కితే, పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

ఆమె ఆ రెండు అరచేతులనూ చాలాసేపు చూసుకుంది. ఈ పిడికిలి చదువు చెప్పింది బాబాయే. "మీటర్లు తర్వాత, అరచెయ్యి ముందు" అని మొట్టికాయ వేసి మరీ నేర్పాడు. ఆకలి తీర్చడం ఒక్కటే కాదు, అన్నం పెట్టే విద్య కూడా ఆ చేత్తోనే ఇచ్చాడు. ఇవాళ ఆ విద్యే ఆయన్ని కాపాడాలి. కృతజ్ఞతతో ఆమెకు కళ్ళు మసకబారాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ మట్టే.

"కొండను తవ్వి ఎలుకను పట్టారా, డిటెక్టివ్ గారూ?"

స్టాంపు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఏ కేసైనా మూడు రోజుల్లో ముగించి స్టాంపు గుద్దేస్తాడని ఆ పేరు. మనిషి లంచగొండి కాదు, మూర్ఖుడూ కాదు. తొందర ఎక్కువ, అంతే. జల్లెడతో ఆయనకు పాత పేచీ. రెండుసార్లు ఆయన గుద్దిన స్టాంపును ఆమె చెరిపేయించింది.

"కొండ మీరే తవ్వారు సార్. ఎలుక కోసం చూస్తున్నాను."

"ఎలుక లాకప్‌లో ఉంది. ఒప్పుకున్నాడు కూడా."

"మెట్టుకి సిమెంటు పెట్టలేదని ఒప్పుకున్నాడు. ఇంకోసారి అడగండి."

"మాటలు వదిలేయండి. మాటల కన్నా గట్టిది ఉంది నా దగ్గర." ఆయన సగర్వంగా ఫైలు తెరిచాడు. "ఈసారి సైన్సుతో కొట్టాను. పెట్టె తియ్యగానే గుంత అడుగున ఇక్కడి మీటరే ఒకటి పెట్టించాను, పక్కన గడ్డిలో ఇంకోటి. రాత్రంతా ఉంచి పొద్దున ఏడింటికి చదివాం. గడ్డిలో అరవై. పెట్టె కింద పన్నెండు. అంటే ఏమిటి? చుట్టూ తడి, పెట్టె కింద పొడి. ఎందుకు? పెట్టె గొడుగులా అడ్డుపడింది కాబట్టి వాన నీళ్ళు దాని కిందికి పోలేదు. కనక పెట్టె వానకి ముందే నేలలో ఉంది. వానకి ముందు ఇక్కడున్నది మీ బాబాయి. ఎలా ఉంది?"

గొడుగు ఆలోచన నిజంగానే బాగుంది. ఆ తెలివిని జల్లెడ లోపల మెచ్చుకోకుండా ఉండలేకపోయింది.

"గొడుగు వరకు అద్భుతం సార్. అంకెల దగ్గరే పప్పులో కాలేశారు."

"జల్లెడలో నీళ్ళు నిలుస్తాయా అండీ? మీ వాదన కూడా అంతే."

"నీళ్ళు నిలవవు. రాళ్ళు నిలుస్తాయి." ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. "అయిదు నిమిషాలివ్వండి. స్టోరులోంచి మీటరు తెస్తాను. ఒక బకెట్టు నీళ్ళు కావాలి."

మీటరంటే మూరెడు గొట్టం. కింద కొనలో మట్టితో కాల్చిన చిన్న గిన్నె, పైన గడియారం లాంటి ముఖం, అందులో ఒక ముల్లు. గొట్టం నిండా నీళ్ళు పోసి బిరడా బిగించింది. గిన్నె ఉన్న కొనను బకెట్టులో ముంచింది.

"చదవండి సార్."

"సున్నా."

"నీళ్ళలోనే ముంచాను కదా? తేమ కొలిచే మీటరైతే సున్నా ఎందుకు చూపిస్తుంది?"

స్టాంపు నుదురు ముడిపడింది. "పాడైపోయిందేమో."

"అయితే ఇప్పుడు చూడండి." బయటికి తీసి, గిన్నెను పొడిగుడ్డతో తుడిచింది. "మీ ఫైలుతో దీనికి విసరండి."

"నేనా?"

"ఆరాలి సార్. రుజువు మీ చేత్తోనే రావాలి."

ఇన్‌స్పెక్టర్ కేసు ఫైలుతో మట్టి గిన్నెకు గాలి విసరడం మొదలుపెట్టాడు. నీడలోని కానిస్టేబుల్ అటు తిరిగి దగ్గాడు. ముల్లు కదిలింది. అయిదు. పది. విసిరేకొద్దీ పైకి పోయింది. ఇరవై. ముప్పై రెండు. విసిరే చెయ్యి నెమ్మదించింది, తర్వాత ఆగిపోయింది.

"ఆరేకొద్దీ... పెరుగుతోంది?"

"ఇది తేమ మీటరు కాదు సార్. దీనికి మా బాబాయి పెట్టిన పేరు దాహం మీటరు. ఎండిన నేల ఈ గిన్నెలోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. ఎంత గట్టిగా పీలిస్తే అంకె అంత పెద్దది. సున్నా అంటే నేల కడుపునిండా తాగింది. అరవై అంటే నాలుక పిడచకట్టుకుపోతోంది."

స్టాంపు ఫైలు తెరిచి చూశాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. "అయితే పెట్టె కింద పన్నెండు అంటే..."

"తడి. వాన మొత్తం తాగాక, ఆ తడి నేల మీద పెట్టె పెట్టారు. మూడు రోజుల ఎండకి, గడ్డి వేళ్ళకి చుట్టూ ఆరిపోయింది. పెట్టె కింద మాత్రం వేళ్ళు తెగిపోయాయి, ఎండ తగల్లేదు, తడి అలాగే ఉండిపోయింది. గొడుగు మాట మీరన్నదే నిజం. కాకపోతే అది వానకి కాదు, ఎండకి పట్టిన గొడుగు."

పిడికిలి మట్టి ముద్ద ఆయన అరచేతిలో పెట్టింది. గోడల మీది మెరుపు చూపించింది, దాని కథ చెప్పింది. స్టాంపు నడుం పట్టుకుంటూ వంగి గోడ మీద వేలు రాసి చూశాడు.

"మంగళవారం సాయంత్రం అయిదు నుంచి గురువారం మధ్యాహ్నం లోపు" అన్నాడు మెల్లగా. "అప్పటికి మీ బాబాయి..."

"మనవరాలి పక్కన. ఆసుపత్రి రిజిస్టర్లో మూడు పూటలా సంతకాలున్నాయి."

పన్నెండూ పది. ఆయన జేబులోంచి ఫోను తీసి స్టేషన్‌కు చేశాడు. "ఆ పెద్దాయన్ని లాకప్‌లోంచి తీసి బయట కుర్చీలో కూర్చోబెట్టు. కోర్టు కాగితాలు ఆపు. టీ ఇప్పించు. ఏంటి? ఏ మీటర్లు? నీళ్ళు పోశారని చెప్పవయ్యా!"

ఫోను పెట్టేసి కాసేపు బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఒక అమాయకుణ్ణి జైలుకి పంపించేసేవాణ్ణి. రాత్రి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయేవాణ్ణి కూడా. మీకు నేను..."

"ఆ మాట అనకండి సార్. పరాయివాళ్ళమైపోతాం."

అనేశాక తనకే ఆశ్చర్యమేసింది. బాబాయి మాట తన నోట ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియలేదు. తేలిగ్గా ఊపిరి తీసుకుని, ఊరికే అలవాటు కొద్దీ, ఆ ఫైలు అందుకుని మీటరు కాగితం చదివింది. రెండు అంకెలు ఉన్నాయి. కింద స్టాంపు చేతిరాతలో 'కనుక పెట్టె కింద నేల పొడిగా ఉన్నట్టు నిర్ధారణ' అని ఉంది. దాని కింద సాక్షి సంతకం ఒకటి ఉంది.

"ఇదెవరిది సార్?"

"చిన్న సార్‌ది. ప్రొఫెసరమ్మ తర్వాత ఇక్కడ ఆయనే కదా. మీటర్లు బిగించింది ఆయనే. పొద్దున చదివేటప్పుడు పక్కనే ఉన్నారు."

"మీరు 'పొడి' అని రాస్తుంటే ఆయనేం అన్నారు?"

"ఏమీ అనలేదు. తలూపి సంతకం పెట్టారు."

జల్లెడ ఫైలు మూసింది. "సార్, ఈ పొరపాటు మీరు చెయ్యొచ్చు. నేను చెయ్యొచ్చు, మొదటి వారం నేనూ చేశాను, బాబాయి పడీపడీ నవ్వాడు. పదిహేనేళ్ళుగా ఈ మీటర్లతోనే బతికిన మనిషి చెయ్యగలడా? పన్నెండంటే తడి అని ఆయనకి నిద్రలో లేపినా తెలుసు. తెలిసి నోరు మూసుకున్నారు. మీ తప్పు ఆయనకి వరం."

"మౌనం అర్ధాంగీకారం అంటారు."

"ఇక్కడ పూర్తి అంగీకారం. ఫ్యాక్టరీ మురుగు గుంత వల్ల బావులకి ప్రమాదం లేదని రిపోర్టు రాసిందెవరు?"

స్టాంపు గొంతు తగ్గింది. "ఆయనే. పేపర్లో కూడా వచ్చింది. నాలుగేళ్ళో ఏదో లెక్క..."

"ఆ నాలుగేళ్ళ లెక్కని సోమవారం సాయంత్రం నీలం నీళ్ళు రెండు రోజుల్లో కొట్టిపారేశాయి. ప్రొఫెసరమ్మ దాన్ని పుస్తకంలో రాసుకుంది, శిష్యుణ్ణి పిలిచింది. 'నువ్వే వచ్చి నీ కళ్ళతో చూసుకో' అంది. ఆవిడ 'నువ్వు' అనేది శిష్యుల్నే. ఈ ఊళ్ళో ఆవిడకున్న శిష్యుడు ఒక్కడే."

ఇద్దరూ ఒకేసారి ఒకే ప్రశ్న అడిగారు. "చిన్న సార్ ఇప్పుడెక్కడున్నాడు?"

జవాబు ఇద్దరికీ తెలుసు. మంగళవారం నుంచి, కేంద్రంలో పని లేనప్పుడల్లా ఆయన ఆసుపత్రిలోనే ఉంటున్నాడు, గురువుగారి మంచం పక్కన. ఊరంతా ఆ భక్తిని మెచ్చుకుంటోంది.

"తలుపు దగ్గర మీ కానిస్టేబుల్ ఉన్నాడు కదా?"

స్టాంపు అప్పటికే జీపు వైపు కదిలాడు. "కేసు తేలిపోయింది కదా అని... పొద్దున తొమ్మిదింటికి తీసేశాను."

జీపు గేటు దాటేటప్పటికి పన్నెండూ పద్దెనిమిది. డ్రైవరు పక్కన స్టాంపు వైర్‌లెస్‌లో ఆసుపత్రి చుట్టుపక్కలున్న ప్రతి బండినీ పిలుస్తున్నాడు. వెనక సీట్లో జల్లెడ ఆసుపత్రికి ఫోను చేసింది. ఏడోసారి మోగాక ఒక నర్సు ఎత్తింది. గొంతులో సంతోషం పట్టడం లేదు.

"మీకు తెలిసిపోయిందా అండీ? పన్నెండింటికి ఆవిడ కళ్ళు తెరిచింది! మాట్లాడింది కూడా!"

"ఏం మాట్లాడింది సిస్టర్? ఎవరు కొట్టారో చెప్పిందా?"

"అదేం గుర్తులేదండీ పాపం. సోమవారం ఏం జరిగిందో అసలు గుర్తులేదు. కళ్ళు తెరవగానే పక్కనే ఆ సార్ కనబడ్డారు. మంగళవారం నుంచీ కన్నకొడుకులా కనిపెట్టుకుని ఉన్నారని మేమే చెప్పాం. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. 'నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో' అంది. మాకందరికీ కళ్ళనీళ్ళు వచ్చాయండీ."

జల్లెడ ముందు సీటు రేకును గట్టిగా పట్టుకుంది. "సిస్టర్, జాగ్రత్తగా వినండి. మీరిప్పుడే ఆ గదిలోకి వెళ్ళండి. మందనో, దుప్పటనో ఏదో ఒక వంక పెట్టుకుని అక్కడే ఉండండి. మేం వచ్చేదాకా ఆయన్ని ఆవిడతో ఒంటరిగా వదలొద్దు."

"గదిలో ఎవరూ లేరండీ. తలకి ఇంకో స్కాను తీయించాలన్నారు. మా దగ్గర మిషను లేదు కదా, తన కారులోనే తీసుకెళ్తానన్నారు. నేనే చక్రాల కుర్చీలో కింది దాకా తోసుకొచ్చాను. ఇప్పుడే బయల్దేరారు." నర్సు గొంతులో సంతోషం ఇంకా పూర్తిగా ఆరలేదు. "కారెక్కేటప్పుడు కూడా ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదండీ. థాంక్స్ చెప్తూనే ఉంది."